కూత ఆపని ఆఫీసరు

మూడేళ్ల క్రితం ఎర్రగుంట్లలో డిగ్రీ చదువుతున్నప్పుడు, కబడ్డీ జట్టులో ఆడుతున్నందుకు కాలేజీలో నాకు ఫీజు మాఫీ చేశారు. ఆ రాయితీ నిజంగా ఆడేవాళ్లకే ఇస్తున్నారా అని చూడటానికి ఒకరోజు పెద్దాఫీసరు వచ్చారు. బక్కపలచగా ఉన్న నన్ను చూసి, "ఈ పాప కబడ్డీ ఆడతాదా?" అని నవ్వి, బూట్లు విప్పి తానే కూతకు వచ్చారు. నేను చీలమండ పట్టుకోగానే బోర్లా పడ్డారు. ఆఫీసరునే పడేశాను, ఇక ఫీజు కట్టాల్సిందే అనుకున్నాను. ఆయన మాత్రం పంతం కొద్దీ కూత ఆపలేదు.

"సారును ఇడ్సిపెట్టు పాపా," అని మా వ్యాయామ మాస్టారు బతిమాలారు.

"కూత ఇంగా ఆగలేదు సార్, రూలు ఒప్పుకోదు," అన్నాను.

చివరికి ఆయన దుమ్ములోంచే, "రాసుకో మాస్టారూ, ఈ పాప శానా బాగా ఆడతాది," అన్నారు.

ఇప్పుడు నన్ను ఎవరైనా తక్కువగా చూస్తే కోపం రాదు. ముందు వాళ్ల కాళ్ల వైపు చూస్తాను.