గిటారు తోకలో చిటపట

మా ఆయన ఎడమచేతి వేళ్ళలో రెండు పూర్తిగా మడవవు. శివకాశి పక్కన టపాకాయలు చేసే పట్టాసుల షెడ్డు అంటుకున్న రోజు నుంచి అంతే. ప్రాణం నిలిచింది, కుడిచెయ్యి నిలిచింది. ఆ రెంటికీ దేవునికి స్తోత్రం చెప్పుకోకుండా నేను ఏ పొద్దూ పొయ్యి వెలిగించను. ఆయన పక్కనే కూర్చుని మందు నింపే స్నేహితుడు మాత్రం ఇంటికి రాలేదు.

ఆ స్నేహితుడు కోవిల్‌పట్టిలో మా చిన్న యేసు గుడిలో పాడేవాడు. మా ఆయన గిటారు వాయించేవాడు. అతను పోయి ఏడాది నిండబోతుండగా, ఏడాది ప్రార్థనకు పిలవడానికి అతని భార్య మా ఇంటికొచ్చి గడపలోనే నిలబడింది.

“అన్నా, వర్సం తిరిగే జెబానికి నువ్వే వాయించాల. ఆయన పాడే పాట. పాడేకి ఎవరూ వద్దు, గిటారు సద్దు ఉంటే చాలు.”

“చెయ్యి ఇట్లుండాది గదమ్మా.”

“ఎట్లొస్తే అట్ల వాయించు.”

అంతకు మించి ఆమె మమ్మల్ని ఏమీ అడగలేదు. షెడ్డులో ఏం జరిగిందని కూడా ఎప్పుడూ అడగలేదు.

అతని గొంతులో ఒక వణుకు ఉండేది. సాగదీసి పాడే చోట వచ్చేది. అది లేకపోతే ఆ పాట అతనిది కాదని మా ఆయన పట్టు. గిటారు మీద ఆ వణుకు తెప్పించాలంటే ఎడమచేతి వేలితో తీగను అదిమి కదపాలి. ఆ వేళ్ళు ఇక కదపలేవు. మిగిలింది తీగల పక్కన పొడుచుకొచ్చిన సన్నటి ఇనపకడ్డీ ఒక్కటే. కుడిచేత్తో దాన్ని నొక్కి వదిలితే తీగలన్నీ సడలి మళ్ళీ బిగుస్తాయి, స్వరం ఊగుతుంది. అమ్మే వాళ్ళు ట్రెమోలో ఆర్మ్ అంటారు. మేం తోక అంటాం.

చాలా నెలల తర్వాత గిటారు దించి స్పీకరుకు తగిలించాడు. తోక నొక్కాడో లేదో స్పీకరులోంచి చిటపటమని వచ్చింది. ఎండిన తాటాకుకు నిప్పు తగిలినట్టు. ఆయన గిటారును మంచం మీద పడేసి వాకిట్లోకి వెళ్ళిపోయాడు. నేను వెళ్ళేసరికి గోడ పట్టుకుని నిలబడి ఉన్నాడు.

తర్వాత రోజు తనే మళ్ళీ తీశాడు. మళ్ళీ చిటపట.

“పిల్లా, నువ్వు దూరం పో. నీ చీరే ఇట్ల చేస్తా ఉండాది.”

పట్టాసుల షెడ్డులో నైలాను, పాలిస్టరు కట్టకూడదు. ఒంటి మీద బట్ట రాసుకుంటే కరెంటు పుడుతుంది, రవ్వ చాలు. ఆ భయం ఆయన ఇంటిదాకా తెచ్చుకున్నాడు.

“నేను అరుగు మీద ఉండా మామా. నా చీర ఇక్కడి నుంచి అక్కడికి పాడతాదా?”

ఆయన నవ్వాడు. ఆ నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో. దానికీ స్తోత్రం చెప్పుకున్నాను.

విరుదునగరులో పెళ్ళిళ్ళకు స్పీకర్లు పెట్టే ఒకాయన ఇలాంటివి బాగు చేస్తాడంటే బస్సెక్కి వెళ్ళాం. ఆయన స్పీకరు తీగ మార్చి చూశాడు. సద్దు పెంచి తగ్గించే బిళ్ళల్లో దుమ్ము ఊదాడు. తోక దాని కన్నంలో లొడలొడలాడుతోందని, కొళాయి మరలకు చుట్టే తెల్ల టేపు చుట్టి బిగించాడు. లొడలొడ పోయింది. చిటపట పోలేదు.

“ఇది పిల్లి తోక కాదే, ముట్టుకుంటే బుసకొట్టడానికి!” అన్నాడు తమిళంలో. మేం బయల్దేరుతుంటే మళ్ళీ పిలిచి, “వెనక మూత తీసి చూడండి. ఎర్త్ తీగ ఊడిందేమో,” అన్నాడు.

బస్సులో మా ఆయన గిటారును ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు.

ఇంటికొచ్చి వెనక మూత విప్పాం. లోపల బిగువైన స్ప్రింగులు, అవి తగిలించిన ఒక ఇనప పలక. పలకకు అతికి ఉండాల్సిన నల్లటి ఎర్త్ తీగ ఊడి, దాని కొస పలక మీద ఊరికే ఆని ఉంది. తోక నొక్కినప్పుడల్లా స్ప్రింగులు కదిలి, ఆ కొస పలకకు తగులుతూ వదులుతూ ఉంది. చిటపట అంతా అదే.

ఆయన నేల మీద కూర్చున్నాడు.

“షెడ్డు వాకిట్లో రాగి పలక ఉండె గదా,” అన్నాడు. లోపలికి పోయే ముందు ప్రతి ఒక్కరూ చెయ్యి పెట్టే పలక అది. ఒంట్లో కరెంటు ఏమన్నా ఉంటే దాని తీగ గుండా భూమిలోకి పోవాలి. “దాని తీగ కూడా ఇట్లే ఊడి ఉండె. నేను చూసినా. సూపర్‌వైజరుకి చెప్పినా. రేపు చూస్తాం అనె. తెలిసీ రోజూ దాన్నే ముట్టుకొని లోపలికి పోతిని.”

మూత మరలు చేతిలో పట్టుకుని నేనూ పక్కన కూర్చున్నాను.

“ఆ అమ్మ ముందర నేనెట్ల వాయించేది?”

నేను బడికి పోలేదు. మా నాన్న ఇంట్లోనే తెలుగు అక్షరాలు దిద్దించి బైబిలు చదవడం నేర్పాడు. ఆ వాక్యాలన్నీ నాలోనే ఉన్నాయి, ఆ పొద్దు ఒక్కటీ నోటిదాకా రాలేదు. “ఇది అతికేది ఎట్ల? చెప్పు, నేను అతికిస్తా,” అన్నాను.

పక్కింట్లో అడిగి సోల్డరింగ్ ఐరన్ తెచ్చాను. పొగ వాసన ఆయన ఓర్వలేడు. గడప అవతల నిలబడి చెప్పాడు, నేను చేశాను.

“తొందరపడొద్దు. పలకను బాగా కాగనియ్యి.”

“పెట్టినా మామా. ఊడొచ్చె.”

“నల్లంగుండే చోట పెట్టింటావు. గీకు. తెల్లంగా కానీ, అప్పుడు పెట్టు.”

చాకుతో గీకి మళ్ళీ పెట్టాను. ఈసారి కరిగిన సీసం మెరుస్తూ పరుచుకుని తీగను పట్టుకుంది. పొగ పోయేదాకా ఆయన లోపలికి రాలేదు. వచ్చి తోక నొక్కాడు. చిటపట లేకుండా స్వరం ఒక్కటే ఊగింది.

ప్రార్థన రోజున గుడిలో ఆయన గిటారు ఒళ్ళో పెట్టుకుని, వాయించే ముందు తోక మీద అరచెయ్యి ఆనించి కొంచెంసేపు ఆగాడు. అది ఏ వాకిలి దగ్గర అలవాటో నాకు తెలుసు. తర్వాత వాయించాడు. వేళ్ళు అందని చోట స్వరాలు వదిలేశాడు, పాటలో గుంటలు పడ్డాయి. సాగదీసే చోటికి వచ్చి తోక నొక్కాడు. వణుకు వచ్చింది. అతని భార్య తల దించుకుని వింది.

అందరూ వెళ్ళాక ఆమె చాపలు చుడుతుంటే, మా ఆయన ఆమె దగ్గరికి వెళ్ళి రాగి పలక సంగతి చెప్పాడు. చూసినట్టు, చెప్పినట్టు, అయినా లోపలికి పోయినట్టు. దాచలేదు.

ఆమె చేతిలో చాప ఆగలేదు.

“తెలుసన్నా. ఆయనా చూసె. అన్నం తింటా చెప్పె నాకు.”

“మరి?”

“మరేముండాది. తెల్లారి షెడ్డు వ్యాను వచ్చె. ఎక్కి పొయ్యె.” చాప గోడకు ఆనించింది. “నేనే టిప్పను డబ్బా కట్టి ఇస్తిని.”

ఇంకో చాప తీసుకుని చుట్టింది. తర్వాత అంది.

“ఆ వణికే చోటు ఇంకొక్కసారి వాయించన్నా.”

అలవాటుగా నా నాలుక మీదికి స్తోత్రం వచ్చింది. దేనికని చెప్పాలో తెలియలేదు. వెళ్ళి స్పీకరు ప్లగ్గు మళ్ళీ పెట్టాను.