సలోమి, సైరన్, 214 నంబరు బత్తి

2006 చివరలో నన్ను ఓవర్‌మన్ డ్యూటీ నుంచి తప్పించి భద్రతా పక్షోత్సవాల పనికి వేశారు. గోదావరిఖని దగ్గర, ఏటవాలుగా భూమిలోకి దిగే ఇంక్లైన్ గని మాది. నా రిటైర్మెంటుకు ఇంకా అయిదు నెలలుంది. ఓవర్‌మన్ అంటే షిఫ్టులో లోపలున్న మనుషులందరికీ జవాబుదారీ. తట్టా, చెమ్మసు అనే పారా పట్టి బొగ్గెత్తే పనిలో చేరినవాణ్ణి, పక్కన డిక్షనరీ పెట్టుకొని ఇంగ్లీషు రెగ్యులేషన్లు చదివి, పరీక్షలు పాసై ఆ హోదాకు వచ్చాను. గొప్పకు చెప్పడం లేదు. ఆ పక్షోత్సవాల్లో జరిగినదాని మీద పెద్ద చదువులవాళ్ళు రాసిన రిపోర్టు చదివాను గనుక చెబుతున్నాను. అందులో సలోమి పేరు ఒక్కచోటే ఉంది. అదీ తప్పు చేసినవాళ్ళ జాబితాలో.

గనిలోకి దిగేవాళ్ళకు టోపీకి తగిలించే బత్తులిచ్చే మా ల్యాంప్‌రూంలో సలోమి పనిచేసేది. తండ్రి సర్వీసులో పోతే ఆ ఉద్యోగం వచ్చింది. చర్చిలో క్రిస్మస్ నాటకాలతో మొదలుపెట్టి, కార్మికుల కళాబృందంలో వేషాలు వేసి, చివరికి ఊళ్ళో కేబుల్ టీవీ సీరియల్లో కోటమ్మ అనే గయ్యాళి అత్త అయింది. మార్కెట్లో టమాటాలామె "ముందుగాల కోడలికి బువ్వ పెట్టినవా లేదా చెప్పు, అప్పుడు తూకమేస్త" అని నిలదీసేంత పేరు వచ్చింది. ఇంట్లో డిష్ పెట్టించుకున్నాక ఆమె ఒక అమెరికా సీరియల్ వదలకుండా చూసేది. అందులో దవాఖాన నర్సుగా వేసే నటి మాట ఒక్కటీ ఆమెకు అర్థమయ్యేది కాదు. అయినా తనకు గురువు ఆమేనంటుండేది. ఒకసారి నాతో అంది: "ఆమె ఏడ్వది కాకా. పని చేసుకుంటనే ఉంటది. చూసేటోళ్ళకు ఏడుపొస్తది."

ఆ ఏడు పక్షోత్సవాలకు కేబుల్ చానెల్ వాళ్ళతో ఒక టీవీ నాటకం తీయించారు. ఆనుకు కర్ర దిమ్మలు పెట్టని పైకప్పు కిందికి పోయిన కార్మికుడు చనిపోతాడు. అతని భార్య సలోమి. గని విషయాల్లో తప్పులు దొర్లకుండా చూడటం నా పని. డైరెక్టరు చానెల్ యజమానే. గేటు దగ్గరి సీనుకు నిజమైన సైరన్ కావాలని పట్టుబట్టాడు. అమెరికా టీవీలో అయితే అన్నీ నిజమైనవే పెడతారట.

షిఫ్టు సైరన్ ఒకటే కూత. ప్రమాదం సైరన్ ఆగి ఆగి కూస్తుంది. మా క్వార్టర్లలో ఆ తేడా తెలియని మనిషి లేడు. వద్దని కాగితం రాసి ఇచ్చాను. కాలనీలన్నింటికీ ఆటోలో మైకు పెట్టి ముందే చెప్పిస్తామని వెల్ఫేర్ ఆఫీసరు అన్నాడు. సైరన్ నొక్కే మనిషి ఓవర్‌మన్ చిట్టీ లేనిదే నొక్కడు. ఆటో పోయిందా అని ఆఫీసరును రెండుసార్లు అడిగాను. పోయిందన్నాడు. చిట్టీ రాశాను. ఆటో పోయింది నిజమే, ఒక్క కాలనీకి. అవతలి క్వార్టర్లకు సైరన్ వినబడదని వాళ్ళ అంచనా.

పగలు పదకొండు దాటాక సైరన్ కూసింది. పది నిమిషాల్లో గేటు ముందు ఇసుక వేస్తే రాలనంత జనం. చేతుల పిండి కడుక్కోకుండా వచ్చినవాళ్ళు, చెప్పుల్లేకుండా ఉరికి వచ్చినవాళ్ళు. వాళ్ళ మగవాళ్ళంతా మొదటి షిఫ్టులో లోపలున్నారు. సలోమి భర్త దానియేలు కూడా అందులోనే, దిమ్మలు పెట్టే టింబర్‌మన్. అతని తల్లి మార్తమ్మ గేటు ఊచల్లోంచి చూసింది. లోపల కోడలు తెల్లచీరలో, బోసి చేతులతో, జుట్టు విరబోసుకొని నిలబడి ఉంది. "నా కొడుకో!" అని ఆ ముసలామె అక్కడే కూలిపోయింది.

ఆ తర్వాత ఎవరు చెప్పినా వినేవాళ్ళు లేరు. ఇది షూటింగని మేనేజరు మైకులో చెప్పాడు. "ఏ సారైనా ముందుగాల ఏం కాలేదనే అంటరు!" అని ఒకామె అరిచింది. సలోమి గేటెక్కి "అవ్వా, ఏషం ఏసిన్నే! నీ కొడుకు మంచిగున్నడు!" అంటే, వెనకనుంచి ఎవరో "కోటమ్మత్తా, మాతోని యాక్టింగ్ చెయ్యకు!" అన్నారు. తెచ్చుకున్న పేరే ఆమెకు అడ్డం తిరిగింది. ఒక రాయి వచ్చి జీపు అద్దం పగిలింది.

లెక్క చూపిస్తే నమ్ముతారనుకొని నేనూ సలోమీ ల్యాంప్‌రూంలోకి పరిగెత్తాం. అక్కడ రెండు బోర్డులుంటాయి, బయట, లోపల. మనిషి బత్తి తీసుకొని దిగగానే అతని నంబరు బిళ్ల 'లోపల' బోర్డు మీదికి మారుతుంది. బత్తి తిరిగి ఇచ్చేదాకా అక్కడే ఉంటుంది. గనిలో ఎందరున్నారో చెప్పే సాక్ష్యం అదే. బోర్డు మీద నూట అరవై మూడు బిళ్లలున్నాయి. లోపలి మూడు పని జాగాల్లో మనుషుల మీదుండే సర్దార్లకు ఫోను చేసి తలలు లెక్కపెట్టించాను. నూట అరవై రెండు.

మళ్ళీ లెక్కించాం. నూట అరవై రెండే.

ఒక మనిషి తక్కువ. నాటకానికి మోగించిన సైరన్ సమయానికే లోపల నిజంగా ఏదైనా జరగకూడదన్న నియమమేమీ లేదు. సర్దార్లు తలలు లెక్కపెట్టారు గాని పేర్లు చదవలేదు. దానియేలు ఉన్నాడా అని సలోమి అడగలేదు, నేనూ అడగలేకపోయాను. ఆమె పెన్సిల్ తీసుకొని బిళ్లల నంబర్లు ఒక్కొక్కటే రాయడం మొదలుపెట్టింది. మొహం కదల్లేదు. ఒక్కసారి కిటికీలోంచి బయటికి చూసి, అలాగే ఆగిపోయింది. చచ్చిపోయే కార్మికుడి వేషం వేసిన నటుడు టోపీ పెట్టుకొని చాయ్ తాగుతున్నాడు.

"కాకా, గాయన నెత్తిమీది బత్తి ఎవరిది?"

అది 214. సెలవులో ఉన్న ఒక ట్రామర్‌ది, బొగ్గు టబ్బులు తోసేవాడిది. సలోమి మేకప్‌కు పోయినప్పుడు నేనే తీసి ఇచ్చాను. బత్తి కదిలితే బిళ్ల మారాలన్న రూలు ప్రకారం బిళ్లను నేనే 'లోపల' బోర్డుకు తగిలించాను. రూలు పాటించి బోర్డు చేత అబద్ధం చెప్పించాను. ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో ఇంత బుద్ధితక్కువ పని ఇంకొకటి చేయలేదు.

ఆమె తిట్టలేదు. "మనం చెప్తే నమ్మరు కాకా. మనుషులు కనబడాలె. జల్ది పైకి పిలువు" అంది.

షిఫ్టు మధ్యలో మనుషుల్ని పైకి తెస్తే ఆ పూట బొగ్గు పోతుంది. మేనేజరు కుదరదన్నాడు. ప్రమాదముందని తోస్తే మనుషుల్ని బయటికి తీసే అధికారం ఓవర్‌మన్‌కు ఉంది, ఎవరినీ అడగనక్కరలేదని చెప్పాను. లోపల ప్రమాదం లేదు కదా అన్నాడు. గేటు దగ్గరుంది సార్ అన్నాను. వేరే డ్యూటీలో ఉన్న నాకు ఆ రోజు ఆ అధికారం లేదని తర్వాత వాదించారు. నేను ఫోనెత్తి మూడు జాగాలకూ చెప్పాను.

వాళ్ళు నడిచి పైకి రావడానికి ముప్పావుగంట పట్టింది. ల్యాంప్‌రూం కిటికీ గేటు వైపే ఉంటుంది. మామూలుగా బత్తి తీసుకోవడం, బిళ్ల మార్చడం మాటల్లేకుండా జరిగిపోతాయి. ఆ రోజు సలోమి ఒక్కొక్క బత్తి అందుకొని, నంబరూ పేరూ కోటమ్మత్త గొంతుతో అరిచింది. మైకు అక్కరలేని గొంతు అది. పేరు వినబడగానే ఒక్కొక్క ఇంటామె గుంపులోంచి బయటికి వచ్చేది. ఒకామె మొగుణ్ణి వీపు మీద రెండు చరిచి "నేను చెప్పుల్లేకుండ ఉరికొస్తి, నవ్వుతున్నవా నువ్వు!" అంది.

సగం మంది దాటాక దానియేలు వచ్చాడు. తెల్లచీర చూసి కిటికీ ముందు ఆగిపోయాడు. "ఏందే గిది? నేను బతికే ఉన్న గదా!"

సలోమి అతని బత్తి అందుకుంది. బిళ్ల మార్చింది. "నూట ఎనిమిది, దానియేలు!" అని అరిచి, తర్వాతి బత్తి కోసం చెయ్యి చాపింది. గోడకు ఆనించి కూర్చోబెట్టిన మార్తమ్మ ఆ పేరు విని లేచి వచ్చి, కొడుకు చొక్కా పట్టుకొని వదల్లేదు. సలోమి అటు చూడలేదు. నూట అరవై రెండో బత్తి అందుకున్నాకే తల ఎత్తింది. అప్పుడు బయటికి వచ్చి నటుడి నెత్తి మీది 214ను తనే తీసుకుపోయి బిళ్ల మార్చింది.

ఇదంతా కెమెరాకు దొరకలేదని డైరెక్టరు బాధపడ్డాడు. రేపు ఇదే ఇంకోసారి చేద్దామా అక్కా అని అడిగాడు. "రేపు బొగ్గుబాయిలకు నువ్వు దిగు తమ్మీ. మీ ఆమెకు తెల్లచీర నేనిస్త" అంది.

చార్జిషీట్లు ఇద్దరికే వచ్చాయి. బత్తి ఇచ్చినందుకు, మనుషుల్ని పైకి తీసినందుకు నాకు. డ్యూటీ జాగా వదిలి వేషంతో గేటు దగ్గర కనబడినందుకు ఆమెకు. ఆ వేషం వేయమని డ్యూటీ వేసిందే ఆఫీసు! ఆటోను ఒకే కాలనీకి పంపిన మనిషికి చిన్న కాగితం కూడా రాలేదు. నేను వద్దని రాసిన కాగితం ఫైల్లో కనబడలేదు. కార్బన్ కాపీ నా దగ్గరుంది. డిక్షనరీ ముందేసుకొని జవాబు ఇంగ్లీషులోనే రాశాను. బత్తి తప్పు నాదని ఒప్పుకున్నాను, మిగతావి ఒప్పుకోలేదు. ఇద్దరికీ హెచ్చరికతో సరిపెట్టారు.

సలోమి తర్వాత సెలవు పెట్టి హైదరాబాదు పోయి, సీరియళ్ళలో అత్త వేషాలు వేసింది. రాష్ట్రం వచ్చేనాటికి మళ్ళీ ల్యాంప్‌రూంలోనే ఉంది. ఎందుకు వచ్చావంటే, "ఎపిసోడుకు మూడుసార్లు ఏడ్వుమంటరు కాకా" అంది.

దిగిపోయే ముందు నేను చేయించిన పని ఒక్కటే. ఒక పాత బత్తికి ఎర్ర రంగు వేయించి, నాటకాలకూ ఫొటోలకూ అదే ఇవ్వాలని రిజిస్టరు మొదటి పేజీలో రాయించాను. దానికి నంబరు లేదు, బిళ్ల లేదు. నంబరున్న బత్తి ఆ నంబరు మనిషి నెత్తి మీద తప్ప ఇంకెక్కడా ఉండకూడదు. శిక్షణ తరగతుల్లో ఈ మాట వందల మందికి నేనే చెప్పాను. నేర్చుకున్నది మాత్రం ఆ రోజే.