మెల్లగా మాట్లాడటం నేర్చుకున్నాను

మగ్గం ఉన్న ఇంట్లో ఎవరూ మెల్లగా మాట్లాడరు. గద్వాలలో మా ఇంట్లో రెండు మగ్గాలు. పొద్దున మొదలైతే దీపాలు పెట్టేదాకా టకటకమంటూనే ఉంటాయి. ఆ చప్పుడు మీద మాట వినిపించాలంటే అరవాల్సిందే. కూరలో ఉప్పు తక్కువైందన్న సంగతి వీధి చివరికి తెలిసిపోయేది. కొత్తగా వచ్చిన చుట్టాలు మేం కొట్లాడుకుంటున్నామనుకుని గడపలోనే ఆగిపోయేవాళ్ళు.

మా నాయనమ్మను అవ్వ అంటాం. మేం నేసే చీరలో పట్టు అంచూ నూలు నేతా కలిసే చోట మగ్గం మీద ఇద్దరు మనుషులు కావాలి. ఇంటర్ అయ్యేదాకా మగ్గం గుంటలో అవ్వ పక్కన కూర్చున్న ఆ రెండో మనిషిని నేనే. తర్వాత్తర్వాత అవ్వకు చెవులు మందగించాయి. చెవి మెషిన్ తెచ్చి పెడితే, "చెవుల చీమ దూరినట్టున్నది" అని తీసి బియ్యం డబ్బాలో వేసింది. నా గొంతు మాత్రం ఆమె చెవికి అందేది. నాది అసలే పెద్ద గొంతు.

జపాన్‌లో చదువుకు సీటు వచ్చినప్పుడు అందరూ సంబరపడ్డారు, అవ్వ తప్ప. బయల్దేరే ముందురోజు చుట్టాలందరి ముందు, "గంత దూరం ఏం పని బిడ్డా? ఆడ నీ మాట ఇనేటోళ్ళెవరు?" అంది. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "నీలెక్క నేను గూడ మగ్గం గుంటల పడి సావాల్నా?" అనేశాను. అంత చెవుడులోనూ ఆ మాట ఎంత బాగా వినిపించిందో! ఆమె మొహం పాలిపోయింది. తెల్లారి కారప్పొడి డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది. నేను తల ఎత్తలేదు. నోరా, వీపుకు దెబ్బలు తేకే అంటారు. నా నోటి దెబ్బ పోయి పోయి ఆమెకు తగిలింది.

విమానం ఎక్కకముందే ఆ మాట గొంతులో ముల్లయింది. చేరిన వారంలోనే తప్పైందని చెప్పేద్దామనుకున్నాను. కానీ మొదటి నాలుగు రోజులు ఫోన్ చేస్తే అవ్వ పక్కన ఎవరో ఒకరు ఉండేవాళ్ళు. పనికిమాలిన కబుర్లే అరిచి అరిచి చెప్పాను: ఏ చెత్త ఏ రోజు బయట పెట్టాలో, గదిలోకి చెప్పులు ఎందుకు తేకూడదో. ఐదో రోజు నా తలుపుకు ఒక కాగితం అంటించి ఉంది. నాలాంటివాళ్ళ కోసం సులువైన అక్షరాల్లో రాశారు. డిక్షనరీ చూసుకుంటూ చదివాను. జపాన్ భాషలో నా అంతట నేను చదివిన మొదటి ఉత్తరం అది. సంతోషం చివరి వాక్యం దాకానే నిలిచింది: సాయంత్రాలు కొంచెం మెల్లగా మాట్లాడగలరా, అని పక్కగది వాళ్ళు.

సిగ్గుతో చచ్చిపోయాను. ఆ రోజు నుంచి దుప్పటి ముసుగేసుకుని మాట్లాడటం మొదలుపెట్టాను. రైల్లో ఫోన్ ఎత్తకూడదని నేర్చుకున్నాను. దుకాణంలో, మెట్ల మీద, క్లాసులో ఎంత గొంతు వాడాలో నేర్చుకున్నాను. మూడు నెలలకు మా టీచరమ్మ "బాగా అలవాటు పడ్డావు" అని మెచ్చుకుంది. ఇంత ఎత్తున పొంగిపోయాను, పిచ్చిదాన్ని.

ఒక సాయంత్రం అవ్వ ఒంటరిగా దొరికింది. ముసుగులోంచి, "అవ్వా, ఆ దినం గట్ల అన్నందుకు తప్పైంది" అన్నాను.

"తిన్న బిడ్డా, జొన్నరొట్టె తిన్న. నువ్వు తిన్నవా?" అంది అవ్వ.

అమ్మతో చెప్పించొచ్చు గదా అంటారేమో. అనేటప్పుడు నా నోటితోనే అన్నాను కదా, ఒప్పుకునేటప్పుడు ఇంకొకరి నోరెందుకని పొగరు. ఒక ఆదివారం నది ఒడ్డుకు పోయాను. ఇరుకు గదుల్లో ఉండే పిల్లలు బాకాలు ఊదడం నేర్చుకునేది అక్కడే, ఎవరూ ఏమీ అనరు. ఫోన్ కలిసింది. అరుద్దామని నోరు తెరిచాను. దూరంగా ఒక ముసలాయన కుక్కను తిప్పుతున్నాడు. అంతే, గొంతు దానంతటదే దిగిపోయింది. మళ్ళీ గుసగుసే వచ్చింది. అవతల అవ్వ ఫోన్ అమ్మకు ఇచ్చేస్తూ అంది. చెవిటివాళ్ళు మెల్లగా అనలేరు కదా, ప్రతి మాటా వినిపించింది.

"పిల్లకు ఇంకా కోపం పోలే. నాతోని నోరిడిసి మాట్లాడ్తలేదు సూడు."

ఆ రాత్రి అన్నం ముట్టలేదు. వచ్చే ఆదివారం ఎవరు చూసినా, పోలీసులే వచ్చినా అరిచే చెబుతానని ఒట్టు పెట్టుకున్నాను.

గురువారం పొద్దున క్లాసులో ఉండగా ఫోన్ వణికింది. అమ్మ. వరండాలోకి పోయి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "క్లాసుల ఉన్న, మళ్ళ చేస్త" అని, అటునుంచి మాట వినకుండానే పెట్టేశాను. ఎంత పద్ధతిగా పెట్టేశానో! గంట తర్వాత విరామంలో బడి మెట్ల మీద నిలబడి చేశాను.

"అవ్వ పోయింది బిడ్డా" అంది అమ్మ. "తెల్లారంగ కూలబడ్డది. దవాఖానకు తీస్కొచ్చినం. ఇప్పుడే పోయింది."

నాకేమైందో తెలియదు. ఫోన్ అవ్వ చెవి దగ్గర పెట్టమన్నాను. పెట్టిందో లేదో కూడా అడగలేదు. అరిచాను. తప్పైంది అవ్వా అని, గట్ల అనొద్దుండె అవ్వా అని, నాకు కోపం లేదవ్వా అని, మా ఇంట్లో రెండు మగ్గాలూ నడుస్తుంటే అరిచినట్టు అరిచాను. మెట్ల మీద పిల్లలంతా తిరిగి చూశారు. లోపలి నుంచి టీచరమ్మ పరుగెత్తుకొచ్చింది. గొంతు బొంగురుపోయేదాకా అమ్మ నన్ను ఆపలేదు. ఆపైన ఏడుస్తూనే అంది:

"గింత గట్టిగ గంట కిందటి ఫోన్ల అన్నా ఇనేది బిడ్డా. నీతోని మాట్లాడాలె అని అవ్వ అంటే, అప్పుడు ఫోన్ ఆమె చెవికే పెట్టిన."