తెల్లపుంజు కూతుళ్ళు

నల్లమ్మకు తన పెట్టల్లో ఏది గంపలో గుడ్డు పెడుతుందో, ఏది దొంగచాటుగా వేరుసెనగ కట్టె వామి కింద పెట్టి వస్తుందో తెలుసు. బెళుగుప్ప పక్క పల్లెలో ఆమె భర్త చౌడప్ప గొర్రెలు మేపేవాడు. వానల్లేక చేలు మాడిపోయిన ఏళ్ళలో ఆ ఇంటిని నిలబెట్టింది ఆమె కోళ్ళే.

1988లో చౌడప్ప ఉరవకొండ సంతలో ఒక తెల్లపుంజును కొన్నాడు. మరుసటేడు దాని కూతుళ్ళు తొమ్మిది ఎదిగాయి. వాటిలో ఐదు గుడ్లకొచ్చాయి. నాలుగు నిగనిగలాడుతూ తిరుగుతున్నాయే గాని ఒక్క గుడ్డూ లేదు.

"దిష్టి తగిలింటాది," అంది పొరుగింటి భద్రమ్మ.

చౌడప్ప ఆ నాలుగింటిలో ఒకదాన్ని కోశాడు. వేపుడుకని రక్తం గిన్నెలో పట్టారు. అది గడ్డకట్టాక నల్లమ్మ గిన్నెను వెలుతురులోకి జరిపి చూసింది. గడ్డ చుట్టూ ఊరే నీరు ఎప్పుడూ లేత పసుపుగా ఉండేది. ఇది పాలలా తెల్లగా ఉంది. గుడ్లుపెట్టే కోడి కడుపులో ఆవగింజ మొదలు నిమ్మకాయంత దాకా పచ్చసొనలు వరసగా ఉంటాయి. దీనికి అన్నీ గింజలుగానే ఆగిపోయాయి.

ఆ నీళ్ళు సీసాలో పోసుకొని బెళుగుప్పకు నడిచింది. పశువుల డాక్టరు ఎర్రిస్వామి సీసాను వెలుతురులో తిప్పి చూశాడు.

"ఇది కొవ్వమ్మా. పచ్చసొన కావాల్సిన సరుకు రక్తంలోనే ఉండిపోయినాది."

"పచ్చసొన గుడ్డులో పుట్టదా సార్?"

"కార్జంలో తయారయి, రక్తంలో వస్తాది. సొన పైపొర మీద కంటికి కనపడని కొక్కేలుంటాయి, గ్రాహకాలంటారు. అవి సరుకును పట్టుకుంటాయి. పట్టుకున్న చోట పొర గుంటపడి, చిన్న సంచిలాగా తెగి లోపలికి పోతాది."

"కొక్కెం గూడా లోపలికి పోతే, కొక్కేలు తొందరగా అయిపోవా?"

ఎర్రిస్వామి సీసా కింద పెట్టాడు. ఆ ప్రశ్న ఆయన్ను ఇంతవరకు ఎవరూ అడగలేదు.

"సరుకును లోపల వదిలేసి, ఖాళీగా మళ్ళా పైకొస్తాదమ్మా. మళ్ళా పట్టుకుంటాది. అరిగిపోయేదాకా ఎన్నో మార్లు. నీ కోళ్ళకు ఆ కొక్కేలే సరిగా లేనట్టుండాది. ఇట్లాంటివి బయటి దేశంలో ఉన్నాయని చదివినా. నాకూ గట్టిగా తెలీదు."

ఇంటికొస్తూ దారి పొడుగునా నల్లమ్మ అదే ఆలోచించింది. ఆ నాలుగింటి తల్లులు వేరు వేరు, అన్నీ గుడ్లు పెట్టేవే. తండ్రి మాత్రం ఒక్కటే.

చౌడప్ప పుంజును కోస్తానంటే ఆపింది. భద్రమ్మ దగ్గర ఒక పెట్టను అడిగి తెచ్చుకొని దానితో కలిపింది. పుట్టిన పెట్టపిల్లలు ఏడు. ఏడు నెలలు చూసింది. వాటిలో మూడు పెట్టలు గుడ్లకు రాలేదు. ఆ లెక్క బెళుగుప్పకు పోయి చెప్పింది.

"పుంజు మీద నీ అనుమానం నిజమేనమ్మా," అన్నాడు ఎర్రిస్వామి. "ఆ కొక్కేలను తయారుచేసే జన్యువులు ఈ పుంజులో మంచిదొకటి, చెడ్డదొకటి జతగా ఉన్నాయి. అందుకే దానికేం కాలేదు. పెట్టకు తల్లి నుంచి అది రాదు, తండ్రి నుంచి ఒకటే వస్తాది. ఏది పడితే అది."

"అంటే దాని కొడుకుల్లో కొన్ని గూడా ఆ చెడ్డదాన్ని మోస్తాంటాయి?"

"సగం మోస్తాంటాయి."

తెల్లపుంజునూ దాని కొడుకులనూ నల్లమ్మ వరసగా కూరకిచ్చేసింది.

"ముందే కోసింటే పోయేది కదే, ఇన్ని నెలలెందుకు సాకినావు?" అంది భద్రమ్మ.

"యాడ తప్పుందో చూడల్లనిపించిందక్కా."

కొత్తగా తెచ్చిన కక్కెర రంగు పుంజుకు పుట్టిన పెట్టలన్నీ మరుసటేడు గుడ్లకొచ్చాయి. వాటిని లెక్కపెట్టుకొని, ఆ మాట ఎర్రిస్వామికి చెప్పడానికి నల్లమ్మ మళ్ళీ బెళుగుప్పకు నడిచింది.