నన్నొదిలెయ్ గది

చెక్కక్క మేకు కొట్టేటప్పుడు మూడు దెబ్బలు వేసి ఆగుతుంది. సుత్తిని గాల్లోనే ఉంచి, తల కాస్త పైకెత్తి, కాసేపు అలా నిలబడుతుంది. నాలుగో దెబ్బ ఆ తర్వాతే. రోజూ ఇదే వరస. కొత్తగా చేరిన పిల్లలు ఇదేదో వడ్రంగంలో పద్ధతి కాబోలనుకుని తామూ మూడు కొట్టి ఆగుతారు.

"ఎందుకక్కా ఆగడం?" అని ఎవరైనా అడిగితే, "మేకు వంకర పోయిందేమో చూసుకోవద్దూ?" అంటుంది.

మేకు వంకర చూడటానికి పైకప్పు వైపు చూడక్కర్లేదని ఐదేళ్ళ పిల్లకి కూడా తెలుసు. అయినా ఎవరూ రెట్టించరు. చెప్పదలచుకోని మాట అడక్కూడదన్నది ఆ బడి అలవాటు.

అది బడి అంటే కొత్తవాళ్ళు నమ్మరు. పాత రెండంతస్తుల ఇల్లు. గంట లేదు, పరీక్షలు లేవు, తరగతుల పేర్లు లేవు. కింద పొడవాటి హాల్లో వడ్రంగం, పక్క గదిలో లెక్కలూ కథలూ, వెనక వంటిల్లు. పొద్దున్నే అందరూ హాల్లో గుండ్రంగా కూర్చుంటారు. కోడిపిల్లలు కొనాలన్నా, కొత్త టీచర్ని పెట్టుకోవాలన్నా అక్కడే తేలాలి. ఒక్క చెయ్యి లేవకపోయినా ఆ పని జరగదు. బడి పెట్టిన పెద్దాయనకి డెబ్బై దాటాయి, అయినా అందరికీ పెద్దన్నే. ఆయన చెయ్యి ఎంతో పాలపళ్ళు ఊడని పిల్ల చెయ్యీ అంతే.

వడ్రంగం చెప్పే ఆవిడ కాబట్టి ఆమె చెక్కక్క అయింది. అసలు పేరు జీతాల రోజున తప్ప ఎవరికీ గుర్తుకు రాదు.

పై అంతస్తులో ఒకే గది. నేల చెక్క పలకలది, అంటే కింద హాలుకి అదే పైకప్పు. ఆ గది తలుపుకి మేకులు కొట్టి ఉన్నాయి. కొట్టింది చెక్కక్కే.

ఒకప్పుడు దాన్ని పిల్లలు "నన్నొదిలెయ్ గది" అనేవాళ్ళు. కోపమొచ్చినా, ఏడుపొచ్చినా, ఊరికే ఒంటరిగా ఉండాలనిపించినా ఎవరైనా పైకి వెళ్ళి కూర్చోవచ్చు. తలుపుకి ఒక చెక్క బిళ్ళ వేలాడేది, ఒకవైపు ఎర్ర రంగు, ఒకవైపు పచ్చ. ఎర్రవైపు తిప్పి ఉంటే తలుపు తట్టకూడదు, పిలవకూడదు, దిగొచ్చాక ఏమైందని అడక్కూడదు. బడి చూడటానికి వచ్చిన పెద్దలకి పెద్దన్న మొదట చూపించేది ఆ గదినే. "పిల్లల్ని గౌరవించడమంటే ఇదీ" అని మురిసిపోయేవాడు. ఆ బిళ్ళ చెక్కి, రంగులేసింది చెక్కక్క.

అప్పట్లో తూనీగ అని ఒక పిల్ల ఉండేది. చెక్కక్కకి సొంత అక్క కూతురు. ఇంట్లో "పిన్నీ" అని మెడకు వేలాడేది, బడిలో మాత్రం అందరిలాగే "చెక్కక్కా" అని గీర పోయేది. సన్నగా రివటలా ఉండేది. ఉబ్బసం ఉంది. పీల్చే మందు ఎప్పుడూ సంచిలో పెట్టుకునేది.

ఆరోజు స్టూళ్ళు చేస్తున్నారు. తూనీగ ఒక కాలు పొట్టిగా కోసేసింది. కూర్చుంటే స్టూలు పక్కకి ఒరిగింది. చెక్కక్క నవ్వు ఆపుకోలేక, "ఇది స్టూలా, ఉయ్యాలా?" అంది. పిల్లలందరూ గొల్లుమన్నారు. తూనీగ మూతి ముడుచుకుని, దడదడా మెట్లెక్కి వెళ్ళిపోయింది. సంచి కిందే ఉండిపోయింది.

కాసేపటికి పైనుంచి చప్పుడైంది. టక్, టక్, టక్. మడమతో పలక మీద కొట్టినట్టు.

"తూనీగ మన సుత్తులకి తాళం వేస్తోందిరోయ్!" అన్నాడొకడు.

అందరూ సుత్తులతో మూడేసి దెబ్బలు వేశారు. పైనుంచి మళ్ళీ మూడు. చెక్కక్క కూడా నవ్వుతూ మూడు వేసింది. పైనుంచి రెండు వినిపించాయి. ఆ తర్వాత ఏమీ లేదు. అలక తీరి నిద్రపోయి ఉంటుందనుకున్నారు. మధ్యలో ఒకసారి చెక్కక్క చూసొద్దామని మెట్లెక్కింది. సగం మెట్ల నుంచే బిళ్ళ ఎర్రగా కనిపించింది. తను చేసిన బిళ్ళ. వెనక్కి తిరిగొచ్చేసింది.

ఊపిరి అందని పిల్లకి అరవడానికి గొంతు రాదు. కొట్టడం తప్ప ఏం చెయ్యగలదు?

తూనీగ కర్మలన్నీ అయ్యాక, దాని తల్లి, చెక్కక్క అక్క, ఒకే ఒక్కసారి మాట్లాడింది.

"నువ్వు విన్నావా?"

"విన్నాను."

"విని?"

అక్క లేచి లోపలికి వెళ్ళిపోయింది. ఆ మర్నాడే చెక్కక్క తలుపుకి మేకులు కొట్టింది. వద్దని ఎవరూ అనలేదు. ఏళ్ళు గడిచాయి. అప్పటి పిల్లలు పెద్దవాళ్ళై వెళ్ళిపోయారు. ఇప్పటి పిల్లలకి అదొక మూసేసిన గది, అంతే. చెక్కక్కకి మాత్రం అప్పుడప్పుడు, పట్టపగలు, రంపాలూ సుత్తులూ మోగుతుండగా, వాటి కింద నుంచి ఇంకో చప్పుడు వినిపిస్తుంది. విందామని ఆగితే ఉండదు.

ఈ మధ్య పిచ్చుక వచ్చింది. తొమ్మిదేళ్ళ పిల్ల. నలుగురు మాట్లాడితే చెవులు మూసుకుంటుంది, ఎవరైనా తేరిపార చూస్తే వణుకుతుంది. బడిలో ఏ మూలకెళ్ళినా ఎవరో ఒకరు ప్రేమగా వెతుక్కుంటూ వస్తారు. అందుకని చెక్కక్క పనిబల్ల కింద దూరింది. అక్కడ గోల ఎక్కువే, కానీ చూసేవాళ్ళుండరు.

ఒకరోజు దాని తండ్రి వచ్చాడు. బస్సు డ్రైవరు, డ్యూటీ బట్టల్లోనే ఉన్నాడు.

"ఏమ్మా, మా పాప మీ బల్ల కింద కూర్చుని ఏం నేర్చుకుంటోంది? చెక్కపొట్టు తినడమా?"

"భయం పోతే అదే బయటికొస్తుందండీ."

"పాత బళ్ళోనూ ఇదే మాటన్నారు. దానికి కాసేపు ఒంటరిగా కూర్చునే చోటు కావాలి తల్లీ, అంతకంటే ఏం లేదు. ఇంత పెద్ద ఇంట్లో ఆ మాత్రం చోటు లేదా? నెలాఖరు దాకా చూస్తాను. కుదరకపోతే ఇంట్లోనే ఉంచుకుంటా. రోజంతా తలుపేసుకుని ఉంటుంది, ఉండనీ."

మర్నాడు పొద్దున అందరూ గుండ్రంగా కూర్చున్నప్పుడు, పిల్లల్లో అందరికంటే పొడుగ్గా ఉండే అమ్మాయి లేచి, "పైగది తెరుద్దాం. పిచ్చుక కోసం" అంది.

చేతులు లేచాయి. పెద్దన్న చెయ్యి లేచింది. వంటావిడ గరిటెతో సహా ఎత్తింది. లేవనిది ఒక్క చెక్కక్క చెయ్యే.

"చెక్కక్కకి భుజం నొప్పేమో" అన్నాడో బుడతడు. కొందరు నవ్వారు.

"ఎందుకొద్దో చెబుతావామ్మా?" అన్నాడు పెద్దన్న మెల్లగా. ఆయనకి తెలుసు. తెలిసీ అడిగాడు.

"చెప్పను" అంది చెక్కక్క.

చెప్పనంటే అడక్కూడదు. చేతులన్నీ దిగిపోయాయి. పిచ్చుక ఎవరి వైపూ చూడకుండా వెళ్ళి బల్ల కింద దూరింది. ఆ రోజంతా చెక్కక్క దాని ఒరుసుకుపోయిన మోకాళ్ళనే చూస్తూ ఉండిపోయింది.

నెలాఖరు దగ్గరపడింది. ఒక మధ్యాహ్నం హాల్లో అరలు బిగిస్తున్నారు. చెక్కక్క మూడు దెబ్బలు వేసి ఆగింది.

పైనుంచి టక్, టక్, టక్.

ఈసారి పిల్లలూ విన్నారు. రంపాలు ఆగిపోయాయి. "అక్కా, పైన..." అన్నాడు ఒకడు.

చెక్కక్క వంగి బల్ల కింద చూసింది. పిచ్చుక లేదు.

ఆమె మెట్లెలా ఎక్కిందో ఆమెకే తెలీదు. సుత్తి వెనక కొక్కేన్ని మేకుల కింద దూర్చి లాగింది. తుప్పు పట్టినవి కొన్ని ఊడాయి, కొన్ని విరిగాయి. మిగతా వాటిని లాగే ఓపిక లేక భుజంతో గుద్దింది. తలుపు చెక్క చీలి తెరుచుకుంది.

లోపల దుమ్ము, మసక వెలుతురు. కిటికీ తెరిచి ఉంది. వంటింటి రేకుల మీదుగా ఎక్కినట్టుంది, రేకుల తుప్పు ఎర్రగా గౌనుకి అంటుకుంది. పిచ్చుక గోడకి ఆనుకుని, ఒళ్ళో బొమ్మల పుస్తకం పెట్టుకుని కూర్చుంది. ఊపిరి మామూలుగానే ఉంది. చెక్కక్క మోకాళ్ళ మీద కూలబడి దాని వీపు మీద చెయ్యి వేసి చూసింది. మళ్ళీ చూసింది.

"ఏమైందే? ఎందుకు కొట్టావు?"

"నేను కొట్టలేదు."

"ఇప్పుడేగా, మూడుసార్లు!"

"నేను కాదక్కా" అంది పిచ్చుక విసుగ్గా. "మీరే కొడుతున్నారనుకున్నా. రోజూ మీరే కదా కొడతారు, పలక కింద నుంచి. ఇక్కడ." గది మధ్యలో ఒక పలక చూపించింది. "ఒక్కోసారి నేను పడుకుని వింటా."

"రోజూ వస్తున్నావా ఇక్కడికి?"

"అన్నాలయ్యాక. మీరంతా ఒకళ్ళనొకళ్ళు నవ్వించుకుంటూ ఉంటారుగా, అప్పుడు."

చెక్కక్క ఆ పలక దాకా పాక్కుంటూ వెళ్ళింది. చెవి ఆనించింది. కింద పిల్లలు గుసగుసలాడుకోవడం వినిపిస్తోంది. వేరే ఏమీ లేదు. అలా పడుకునే ఏడ్చింది, చప్పుడు లేకుండా. పిచ్చుక చూసింది. ఎందుకని అడగలేదు. కాసేపు పేజీలు తిప్పి, "ఉన్నట్టుండి ఊడిపడ్డారు. నాకు భయమేసింది తెలుసా?" అంది.

"వెయ్యనీ" అంది చెక్కక్క. "నేనిలాగే వస్తాను."

మర్నాడు అందరూ కూర్చోగానే మొదట మాట్లాడింది ఆమే. తూనీగ సంగతి పిల్లలకి మొదటిసారి చెప్పింది. స్టూలు సంగతీ, తను నవ్విన నవ్వూ, సుత్తితో తను వేసిన మూడు దెబ్బలూ, ఏదీ దాచలేదు. బుడతడు కూడా కదలకుండా విన్నాడు. ఆ తర్వాత తన మాట చెప్పింది. గది తెరవొచ్చు. తలుపు మాత్రం ఉండకూడదు, తెర కడదాం. పైన ఎవరున్నా సరే, కింద ఉన్నవాళ్ళలో ఒకరు మాటిమాటికీ వెళ్ళి తెర తీసి చూసి రావాలి. పలకరించక్కర్లేదు. కళ్ళతో చూసి రావాలి.

"మరి ఒంటరిగా ఉండటం ఎలా అవుతుంది?" అంది పొడుగమ్మాయి.

"కాదు" అంది చెక్కక్క. "పూర్తిగా కాదు."

అందరూ పిచ్చుక వైపు చూశారు. అది చెవులు మూసుకుని, కళ్ళు మూసుకుని, చాలాసేపు ఆలోచించింది. చివరికి ఒక చెవి మీది చెయ్యి తీసి పైకెత్తింది. మిగతా చేతులూ లేచాయి.

తలుపు ఊడదీసే పని చెక్కక్క ఎవరికీ ఇవ్వలేదు.

నెలాఖరున డ్రైవరు వచ్చి పైగది చూశాడు, తెర లాగి చూశాడు, డ్యూటీకి వెళ్ళిపోయాడు. పిచ్చుక బడిలోనే ఉంది.

చెక్కక్కకి ఇప్పుడు యాభై ఎనిమిదేళ్ళు. బడి వెనక వీధిలో ఒంటరిగా ఉంటోంది, వారానికి ఐదు రోజులు వడ్రంగం చెబుతుంది. అక్క ఇల్లు రెండు వీధుల అవతలే. అక్క ఇప్పటికీ ఆమెతో మాట్లాడదు.