టైగరు ముందు పెట్టిన దండం

ఒక్క నమస్కారంతో ఒక పెద్దమనిషిని టమోటా గంపలో కూర్చోబెట్టిన ఘనత మదనపల్లెలో నాకు తప్ప ఇంకెవరికీ లేదు. ఆ పెద్దమనిషి నాకు ఉద్యోగం ఇవ్వడానికి వచ్చినవాడు కావడం నా అదనపు ప్రతిభ.

ఎనభైల మొదట్లో మాట. బి.ఏ. పట్టా చేతికొచ్చి, ఇక ప్రపంచంలో నేర్చుకోవడానికి ఏమీ మిగల్లేదే అని నేను దిగులుపడుతున్న రోజులు. విలేకరి కావాలని కోరిక. మా వీధిలో ఉండే రిటైర్డు ఫారెస్టు రేంజరు మునెప్పగారికి ఒక పత్రిక ఎడిటరు చిన్ననాటి స్నేహితుడు. ఆ పత్రికకు కుప్పంలో విలేకరి కావాలట.

"వాడొచ్చినప్పుడు నీ మాట చెప్తాలేప్పా," అన్నాడు మునెప్పగారు. "నాకు మోకాళ్లు పట్టేసుండాయి. అందాకా సాయంత్రాలు మా టైగర్ని తిప్పుకొని రా."

టైగరు పేరుకే పులి. శాంతిపురం దగ్గర క్వారీ పేలుళ్లు వినీ వినీ చెవులు పోయిన కుక్క. వేరే కుక్కలు పక్కనుంటే బెదిరిపోతుంది. దానికంటూ ఒక మనిషి, ఒక తాడు, ఒక దారి ఉండాలి. మా ఊళ్లో మనుషులకే అంత వైభోగం లేదు. మాట వినబడదు గనుక రేంజరు దానికి చేతి సైగలు నేర్పించాడు. నన్ను వరండాలో నిలబెట్టి వాటినే పాఠంగా మొదలుపెట్టాడు.

"అరచెయ్యి కిందికి సూపితే కూసుంటాది. చెయ్యి నుదుటికాడికి పోతే పడుకుంటాది, వీపు తట్టిందాకా లెయ్యదు. రెండు చేతులూ కలిపితే మాత్రం, సూడు..."

"రాజనీతిశాస్త్రం చదివినాను సార్. కుక్కను నడపలేనా?"

దేశాలు నడిపే శాస్త్రం ముందు కుక్క ఎంత? ఆయన పాఠం అక్కడికే ఆపేసి తాడు నా చేతికిచ్చాడు.

మొదటిరోజే బెంగుళూరు రోడ్డులో బట్టల కొట్టు ఖాదర్ భాయి ఎదురయ్యాడు. మర్యాదస్తుణ్ణి కదా, నుదుటికి చెయ్యెత్తి సలాం చేశాను. టైగరు నడిరోడ్డులో కాళ్లు చాపుకొని పడుకుంది. వెనకాల పుంగనూరు బస్సు ఆగిపోయింది.

"ఏమప్పా, కుక్కను నువ్వు తిప్పుతాండావా, నిన్ను కుక్క తిప్పుతాండాదా?" అని డ్రైవరు విచారించాడు.

ఖాదర్ భాయి మాత్రం కరిగిపోయాడు. "నా సలాముకు మనుషులే బదులియ్యరు బాబూ. ఇది సాష్టాంగపడిండాది."

పాఠం అప్పుడు గుర్తొచ్చింది. వీపు తట్టి లేపుకొని వచ్చి, ఆ రాత్రంతా మేధస్సు ఉపయోగించి ఒక తీర్మానం చేసుకున్నాను: ఇకమీదట సలాం ఎవరికీ పెట్టను. ఎంతటివారికైనా నిండు నమస్కారమే.

ఆ నిండు నమస్కారం మరుసటి సాయంత్రమే అవసరపడింది. మార్కెట్టు దగ్గర టమోటా గంపలు లారీకెక్కిస్తున్నారు. బస్సు దిగిన ఎడిటరుగారు గంజిపెట్టిన తెల్ల పంచెలో, రేంజరు పక్కన నిదానంగా నడిచి వస్తున్నారు. నా భవిష్యత్తు రెండు కాళ్లమీద నడిచి వస్తుంటే తాడొక లెక్కా? వదిలేసి, రెండు చేతులూ జోడించాను.

టైగరు నా చేతులవైపు చూసింది. ఎదురుగా ఉన్న మనిషిని చూసింది. పరుగున వెళ్లి ఆయన భుజాలమీద ముందరి కాళ్లు వేసి, ఎన్నాళ్లకో కలిసిన చుట్టంలా కావలించుకుంది. ఎడిటరుగారు గంపలో కూర్చున్నారు. తెల్ల పంచె తెల్లదనం అక్కడితో చరిత్రలో కలిసిపోయింది.

ఆయన్ను లేపి నిలబెట్టారు. పరుగెత్తుకెళ్లి, "క్షమించండి సార్," అంటూ మళ్లీ దండం పెట్టాను. టైగరు మళ్లీ కావలించుకుంది. ఆయన మళ్లీ కూర్చున్నారు.

"చేతులు దించరా నాయనా," అన్నాడు రేంజరు నీరసంగా. "నువ్వు దండం పెట్టినన్ని సార్లు అది కావలించుకుంటానే ఉంటాది. ఆ పొద్దు చెప్పబోతే వినకపోతివి."

కుప్పం కల ఆ గంపలోనే చితికిపోయిందనుకున్నాను. ఎడిటరుగారు మీసంలోంచి టమోటా విత్తనాలు తీసుకుంటూ నన్ను పరిశీలనగా చూశారు.

"కుప్పం పోతావా?"

తల ఊపాను. చేతులు వీపు వెనక దాచుకునే ఊపాను.

"పో. ఒకటే షరతు. ఎంత పెద్దోడొచ్చినా దండం పెట్టగూడదు."

ఆ షరతు తప్పలేదు. ఏ నాయకుడి ముందూ చేతులు జోడించని విలేకరినని కుప్పం ప్రాంతంలో నాకు గొప్ప పేరొచ్చింది. ఆత్మగౌరవమని సన్మానాలు చేశారు. నేను ఖండించలేదు.

ఇక పాఠకులందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మళ్లీ, చుట్టుపక్కల కుక్క లేదని రూఢి చేసుకోకుండా, దేవుడికి కూడా దండం పెట్టను.