బైండరు పంపిన మార్పు

గ్రూపులో అందరూ ఆమెను పెద్దక్క అంటారు. ఉద్యోగం కాలేజీ లైబ్రరీలో. ఏ పుస్తకం ఎవరు పట్టుకెళ్లారో, ఎప్పుడు తిరిగివ్వాలో చూసుకునే ప్రోగ్రాం ఒకటి పన్నెండేళ్ల కిందట సొంతంగా రాసి, ఎవరైనా ఊరికే వాడుకోవచ్చని ఇంటర్నెట్‌లో పెట్టింది. చిన్నాచితకా లైబ్రరీలు చాలా వాడాయి. వాడినవాళ్లలోంచే ఓ నలభైమంది ఒక గ్రూపుగా పోగై తప్పులు దిద్దడం, కొత్త హంగులు చేర్చడం మొదలుపెట్టారు. ఎవరు ఏ మార్పు పంపినా పెద్దక్క కంటబడ్డాకే లోపలికి వెళ్లేది.

ఏఐ వచ్చాక ముందు ప్రశ్నలు ఆగిపోయాయి. రోజూ పది సందేహాలతో సందడిగా ఉండే గ్రూపు మూగబోయింది. ఆ తర్వాత మార్పులు వచ్చిపడ్డాయి. ఇదివరకు నెలకు నాలుగొస్తే, ఇప్పుడు వారానికి నలభై. చూడటానికి ముచ్చటగా ఉండేవి; ఎందుకిలా రాశారని అడిగితే పంపినవాళ్లే నీళ్లు నమిలేవారు.

ఒకరోజు తెరమీద అక్షరాలను పెద్దవి చేసే మార్పు ఒకటి వచ్చింది. అంతా బాగానే ఉంది కానీ, ఇంటిపేరు లేని పాఠకుల పేర్లు కూడా నమోదయ్యేలా ఆమె ఎప్పుడో చేర్చిన లైను అందులో ఎగిరిపోయింది. ఎందుకు తీశారని అడిగింది. నిమిషం తిరక్కుండా మూడు పేరాల మర్యాద వచ్చింది, విషయం సున్నా. ఆ జవాబూ ఏఐ రాసిందేనని తెలిసిపోతోంది. పెద్దక్కకు ఒళ్లు మండింది. ఏఐ రాసినవి ఇక తీసుకోబోమని గ్రూపులో ప్రకటించేసింది.

రెండు రోజులకు అచ్చుతప్పులతో ఓ ఉత్తరం వచ్చింది. ఆ మార్పు పంపినతను వేరే ఊరి లైబ్రరీలో పుస్తకాలకు అట్టలు వేస్తూ, ఈ ప్రోగ్రాం పని కూడా చూసుకునే బైండరు. చూపు మందగిస్తోందట. ఎనిమిదేళ్ల కిందట గ్రూపులో సాయం అడిగితే, ముందు చదువుకుని రండి అన్నారట. మళ్లీ నోరు విప్పలేదట. ఏఐ అయితే ఎన్నిసార్లు అడిగినా విసుక్కోదు కదా అని రాశాడు.

పెద్దక్క పాత సందేశాలు తిరగేసింది. ఆ మాట అన్నది తనే. భర్తకు చూపిస్తే, అతను బట్టలు మడతపెడుతూ, "నువ్వు కాక ఇంకెవరంటారు?" అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం బైండరుకు ఫోన్ చేసింది.

"తప్పు నాదేనండీ. మీరేం అడిగారో కూడా అప్పుడు సరిగ్గా చదవలేదు."

"పాతమాట వదిలేయండి మేడమ్. పంపినప్పుడు ఆ లైను పోయిందని నాకసలు తెలీదు. అక్షరాలు పెద్దవయ్యాయి కదా అని సంబరపడి పంపేశాను."

"సరే, ఇద్దరం కలిసి చూద్దాం. మీకేది కనబడట్లేదో మొదట్నుంచి చెప్పండి."

చెబుతూ చెబుతూ ఉంటే అసలు సంగతి బయటపడింది. గడువు దాటిన పుస్తకాలను ప్రోగ్రాం ఎర్రరంగుతో మాత్రమే చూపిస్తుంది. అతనికి ఆ ఎరుపు ఆనదు. పన్నెండేళ్లలో అది ఆమెకు తట్టలేదు. అతను అడగలేదు కాబట్టి ఏఐ కూడా చెప్పలేదు. ఎరుపుతో పాటు 'గడువు దాటింది' అన్న మాట కూడా కనబడేలా కొత్త మార్పును ఏఐ చేతే రాయించి, ఒక్కో లైనూ ఆమె ఫోన్‌లో చదివి వివరించింది. పోయిన లైనును తిరిగి పెట్టారు.

తర్వాత పెద్దక్క నియమం మార్చింది. ఏఐ చేత రాయించుకోవచ్చు. ఏం ఇబ్బంది వచ్చిందో, ఏం మార్చారో మాత్రం సొంత మాటల్లో చెప్పాలి. మాట మీద నిలబడలేదని ఇద్దరు పాత సభ్యులు అలిగి వెళ్లిపోయారు. అందులో ఒకరు మొదటిరోజు నుంచీ ఉన్న మనిషి. అది ఆమెకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. నలభై మార్పులు కాస్తా పదికి దిగాయి. గ్రూపులో మునుపటి సందడి లేదు. శనివారం ఉదయం గంటసేపు ఫోన్‌లో మాట్లాడుకుందామంటే ఐదారుగురు వస్తారు. బైండరు ఒక్క వారమూ మానడు, అతని ప్రశ్నలకు ఆ గంట చాలదు.